బండికి ఉన్నపాటి దారి

"అమ్మాయ్, ఈ గిన్నె కాస్త బల్ల దగ్గరికి చేర్చు" అంటూ మా అత్తగారు పొయ్యి మీది కూరగిన్నె తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. గిన్నె కింద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు ఉంది. ఈ తువ్వాలు మర్యాద ఈమధ్యే మొదలైంది. మొదట్లో అదీ లేదు.

నేను చక్రాలు తిప్పుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాను. మా ఆయన నా ఒళ్ళోంచి గిన్నె తీసుకుని, మూత తీసి చూసి, "మళ్ళీ ఇదేనా" అన్నారు. నేను వెనక్కి తిరిగి మంచినీళ్ళ కూజా కోసం వంటింట్లోకి వెళ్ళాను. చక్రాల కుర్చీ ఇంటికొచ్చిన కొత్తలో దాన్ని చూసి అందరూ ఏడ్చారు. ఆర్నెల్లు తిరిగేసరికి అది ఎంత పనికొచ్చే వస్తువో కనిపెట్టేశారు. ఉతికిన బట్టలు, కూరగాయల బుట్ట, పళ్ళేలు, ఏవైనా సరే, ముందు నా ఒళ్ళోకి వచ్చి అక్కణ్ణుంచి వాటి చోటికి వెళతాయి. "కాళ్ళు లేకపోతేనేం, చేతులున్నాయిగా" అని మా అత్తగారు చుట్టాలకి గర్వంగా చెబుతారు. పాపం, ఆవిడ పొగుడుతున్నాననే అనుకుంటారు.

నేను పడింది మూడేళ్ళ క్రితం. ఇంటికి చుట్టాలొస్తున్నారని అటక మీది పెద్ద డేగిసా దించబోయాను. ముక్కాలిపీట మీద ముక్కాలిపీట వేసి ఎక్కాను. మా ఆయన సోఫాలోంచి "జాగ్రత్త" అన్నారు. ఆ మాట అన్నారు కాబట్టి తన బాధ్యత తీరిపోయిందని ఈ రోజుకీ ఆయన నమ్మకం. నడుముకి కాస్త పైన వెన్నుపాము నలిగిపోయింది. బొడ్డు దగ్గర ఒక గీత గీసినట్టు, ఆ గీత కింద ఉన్న ఒళ్ళు నాది అన్న సంగతి నాకు తెలియదు. చూస్తే తప్ప నా కాలు ఎక్కడుందో చెప్పలేను.

తువ్వాలు ఎందుకొచ్చిందో చెప్పాలి. ఒక రోజు పొయ్యి మీంచి దించిన గిన్నె దించినట్టే నా ఒళ్ళోకి వచ్చింది. నేను మాట్లాడుతూనే బల్ల దాకా వెళ్ళాను, మాట్లాడుతూనే వడ్డించాను. సాయంత్రం బట్టలు మార్చుకుంటుంటే చీరతో పాటు తొడ మీది చర్మం ఊడొచ్చింది. అరచేయంత పుండు. మానడానికి రెండు నెలలు పట్టింది. మా అత్తగారు దానికి మందు రాస్తూ, "నొప్పి తెలియలేదు, అదొక్కటీ నీ అదృష్టం" అన్నారు. నాకు ఆ మాటకి ఒళ్ళు మండింది. మండగలిగినంత మేర అన్నమాట, బొడ్డు పైన.

మా ఇంటి ముందు మూడు మెట్లున్నాయి. ఈ కథంతా ఆ మూడు మెట్ల గురించే. నేను బయటికి వెళ్ళాలంటే మా ఆయనో వైపు, పక్కింటాయనో వైపు కుర్చీ పట్టుకుని దింపాలి. పక్కింటాయనకి ఎక్కడ పట్టుకోవాలో తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అది నాకు తెలుస్తుంది, ఎందుకంటే ఆయన పట్టుకునేది బొడ్డు పైనే. మా ఆయనకి చెబితే, "సాయం చేసే మనిషిని అలా అంటావా" అన్నారు. అప్పట్నుంచి నేను బయటికి వెళ్ళడం మానేశాను. ఆస్పత్రికి తప్ప గుమ్మం దాటలేదు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆ మూడు మెట్లూ నా అంతట నేను దిగాలి, దిగి ఎటు బుద్ధి పుడితే అటు వెళ్ళాలి.

ఇంకో సంగతి. మా ఆయన స్కూటరు రోజూ ఆ మూడు మెట్లూ ఎక్కుతుంది. బయట వదిలితే వానకి తడుస్తుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని, జానెడు వెడల్పు చెక్క ఒకటి చేయించారు. సాయంత్రం చెక్క వేసి బండిని వరండాలోకి తోస్తారు, పొద్దున అదే చెక్క మీంచి దింపుతారు. తర్వాత చెక్కని తుడిచి గోడకి ఆనిస్తారు. నేను వరండాలో కూర్చుని మూడేళ్ళు ఇది చూశాను. బండికి దారుంది.

అడగలేదా అంటే అడిగాను. "వాలుగా సిమెంటు పోయిద్దామండీ" అన్నాను. "ఇల్లు ఆస్పత్రిలా తయారవుతుంది. అయినా సెల్ థెరపీ వస్తోందిగా, రేపో మాపో నడిచేదానివి, ఈలోపు మెట్లు పగలగొట్టడం దేనికి?" అన్నారు. ఈ సెల్ థెరపీ అనే మాట ఆయనకి ఫోన్లో ఒక వీడియోలో దొరికింది. దొరికిన రోజు నుంచి ఏది అడిగినా అదే జవాబు. స్నానాల గది గుమ్మం వెడల్పు చేయిద్దామంటే, సెల్ థెరపీ. పొయ్యి గట్టు కాస్త దించితే నాకు అందుతుందంటే, సెల్ థెరపీ. నా పాత చెప్పులు గుమ్మం దగ్గర అరలో ఉండేవి. ప్రతి ఆదివారం ఆయన వాటిని తుడిచి మళ్ళీ పెట్టేవారు. చూసినవాళ్ళు "ఎంత ప్రేమో" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చెప్పులు తుడవడానికి రెండు నిమిషాలు పడుతుంది, మెట్ల మీద వాలు పోయడానికి ఒక పూట పడుతుంది. నా కోసం ఏమీ చేయక్కర్లేకుండా ఉండటానికి వాళ్ళకి నా మీద ఆశ ఉంటే సరిపోయింది.

పడకముందు నేను బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ చేసేదాన్ని. పద్దెనిమిది అడుగుల బల్ల మీద ముప్ఫై పొరల గుడ్డ పరిచి, సుద్దతో గీసి, ఒక్క నూలుపోగు తేడా లేకుండా కోసేదాన్ని. అదే పని చేసే మగవాణ్ణి "మాస్టరు" అనేవాళ్ళు, నన్ను "ఏయ్ అమ్మాయ్" అనేవాళ్ళు. కార్ఖానా నడిపే ఆవిడని మేమంతా పెద్దక్క అంటాం. ఆర్నెల్ల క్రితం ఆవిడ ఇంటికొచ్చి, "నువ్వు రా చాలు, నీ ఎత్తుకి బల్ల కాళ్ళు కోయిస్తా. కొత్త పిల్ల చంకలన్నీ వంకరగా కోస్తోంది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "కాస్త నడవనివ్వండి, అప్పుడు పంపిస్తాను" అన్నారు. పంపిస్తాను! నేనేమో పొట్లం అయినట్టు. పెద్దక్క నా వైపు చూసింది. నేను టీ కప్పులు ఒళ్ళో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు నోరు విప్పనందుకు చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

ఇలా ఉండగా నిజంగానే పిలుపొచ్చింది. పెద్దాస్పత్రిలో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ మీద సెల్ థెరపీ పరీక్షిస్తున్నారు, ఎవరు పనికొస్తారో చూడటానికి రమ్మన్నారు. వాళ్ళు పంపిన కాగితాలన్నీ మా ఆయనే నింపారు. నింపి, నాకు శిక్షణ మొదలుపెట్టారు. "పరీక్షలో కళ్ళు మూయిస్తారు. సూదితో, దూదితో ముట్టుకుని తెలుస్తోందా అని అడుగుతారు. ఏమీ తెలియదంటే లాభం లేని కేసని పంపించేస్తారు. నేను పక్కనే ఉంటాగా. వాళ్ళు ముట్టుకున్నప్పుడల్లా దగ్గుతాను. నువ్వు తెలుస్తోందను" అన్నారు. వారం రోజులు వరండాలో రిహార్సల్ చేశాం. మా అత్తగారు చీపురుపుల్లతో నా మోకాలు పొడవడం, ఆయన దగ్గడం, నేను "తెలుస్తోంది" అనడం. నాటకాల్లో వేషం కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ వేయించి ఉండరు.

డాక్టరమ్మ నా వయసుదే. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, భుజాల దగ్గర మొదలుపెట్టింది. ఛాతీ, పక్కటెముకలు, బొడ్డు పైన. అన్నీ తెలిశాయి, తెలుస్తోందన్నాను. ఆ తర్వాత నిశ్శబ్దం. మూలనుంచి దగ్గు వినబడింది. "తెలుస్తోంది" అన్నాను. ఇంకో దగ్గు. "తెలుస్తోంది." మళ్ళీ దగ్గు. "తెలుస్తోంది" అన్నాను.

"ఈసారి నేనింకా ముట్టుకోలేదమ్మా" అంది డాక్టరమ్మ.

కళ్ళు తెరిచాను. సూది ఆవిడ చేతిలో, నా తొడకి బెత్తెడు పైన గాలిలో ఉంది. మా ఆయన కూర్చున్న చోటునుంచి చూస్తే ముట్టుకున్నట్టే కనబడి ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను. చప్పున ఇంకో సంగతి కూడా తట్టింది. పెళ్ళయినప్పట్నుంచీ నేను చేస్తున్నది ఇదే కదా అని. ఆయన దగ్గడం, నాకు తెలుస్తోందని నేను అనడం. ఆకలి వేస్తోందా లేదా, అలిసిపోయానా లేదా, సుఖంగా ఉన్నానా లేదా, అన్నీ ఆయన దగ్గుని బట్టే చెప్పాను.

"దగ్గు బాగా పట్టినట్టుంది, బయట మంచినీళ్ళున్నాయి, తాగి అక్కడే కూర్చోండి" అంది డాక్టరమ్మ మా ఆయనతో, చాలా మర్యాదగా. ఆయన నా వైపు చూస్తూ చూస్తూ వెళ్ళారు. తలుపు మూసుకుంది.

మళ్ళీ మొదటినుంచి చేసింది. ఈసారి బొడ్డు కింద ప్రతి చోటా "తెలియడం లేదు" అన్నాను. అలా పాతికసార్లు అని ఉంటాను. అన్నకొద్దీ గొంతు బలపడింది. లేనిదాన్ని లేదని గట్టిగా చెప్పడంలో ఇంత హాయి ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. తొడ మీది మచ్చ చూసి, "ఇదేమిటి?" అంది. "కూరగిన్నె" అన్నాను. ఆవిడ రాసుకుంటున్న కలం ఆగింది. నేను గిన్నె సంగతీ, తువ్వాలు సంగతీ మొత్తం చెప్పాను.

"నిజం చెప్పి మంచి పని చేశారు" అంది. "కింద కాస్తో కూస్తో స్పర్శ మిగిలినవాళ్ళని ఈ ప్రయోగంలోకి తీసుకోవడం లేదు. ఆపరేషన్లో ఆ ఉన్నది కూడా పోతే ఎలా? ఇందాకటి లెక్కన అయితే మిమ్మల్ని పంపించేసేదాన్ని."

దగ్గు కొంప ముంచేదే. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. తర్వాత అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. ముక్కు లోపలి పొరనుంచి చిన్న ముక్క తీస్తారు. అక్కడ వాసన తెలిపే నరాలు మనిషి బతికున్నంతకాలం కొత్తగా పుడుతూనే ఉంటాయట, వాటికి దారి చూపించే కణాలు ఆ పొరలో ఉంటాయట. వాటిని కొన్ని వారాలు పెంచి, వెన్నుపాము దెబ్బతిన్న చోట పెడతారు. "ఆ కణాలే నరాలైపోవు. అవి దారి వేస్తాయని మా ఆశ, ఆ దారెంబడి మీ నరాలే ఎదగాలి. ఎదుగుతాయో లేదో తెలుసుకోవడానికే ఈ ప్రయోగం. నడిపిస్తానని నేను మాటివ్వను. స్పర్శ ఒక అంగుళం కిందికి దిగినా మాకది పెద్ద సంగతి."

ఒక అంగుళం. బట్ట కోసేదానికి అంగుళం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ కాగితాలు తిరగేసి ఒక చోట ఆగింది. "మీకు ముందుగా ఏది తిరిగి రావాలి?" అని అచ్చేసిన ప్రశ్న. కింద మా ఆయన గుండ్రటి రాత. "లేచి నిలబడాలి. వంటింట్లో నిలబడి ఇంటి పనులన్నీ ఇదివరకులా చేసుకోవాలి."

"ఇది మీ మాటేనా?"

"కాదు."

"మరి మీ మాట?"

మూడేళ్ళలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగేసరికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆవిడ తొందరపెట్టలేదు. ఖాళీ కాగితం ఇచ్చింది. నేను రాశాను. "ఒకటి. ఒంటికి వస్తోందని ముందే తెలియాలి. పడక తడిసిందని మా అత్తగారు చెబితే తెలియడం ఇంక వద్దు. రెండు. ఒళ్ళో వేడి పెడితే కాలుతోందని నాకు తెలియాలి. కాలుతోందని అరవాలి." కాళ్ళ గురించి రాయడం మర్చిపోయాను. నిజంగానే మర్చిపోయాను.

చివర్లో షరతు చెప్పింది. ఆపరేషన్ అయ్యాక కనీసం ఏడాది పాటు వారానికి ఐదు రోజులు వ్యాయామశాలకి రావాలి, రోజుకి మూడు గంటలు. కణాలు పెట్టి ఇంట్లో కూర్చుంటే లాభం లేదు. అది కుదురుతుందని తేలితేనే పేరు రాసుకుంటారు. "ఇంటి బయటికి రావడానికి దారుందా?" అంది. నేను మా స్కూటరు చెక్క సంగతి చెప్పాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. వారంలో చెప్పమంది.

ఇంటికొచ్చేదాకా మా ఆయన ఏమన్నారు ఏమన్నారు అని వేధించారు. ఇంటికొచ్చాక షరతు చెప్పాను. ముందు మొహం పాలిపోయింది. "ఏడాదా? రోజూనా? ఎవరు దింపుతారు, ఎవరు ఎక్కిస్తారు? నాకు ఆఫీసు లేదా?" అన్నారు. "మరి ఇంటి పని?" అన్నారు మా అత్తగారు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కాసేపటికి ఆయన ఫోన్ తీసి, "అసలు ఇంతకన్నా మంచి చోటుంది. ఒక్కటే సూది. నెలలో నడిపిస్తామని రాసిస్తారట. రోజూ తిరిగే పని లేదు" అన్నారు.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఆయనకి నేను నడవాలని ఉంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆయన కుర్చీలోంచి లేవకుండానే నేను నా కుర్చీలోంచి లేవాలి.

"ఆ సూది మీరు వేయించుకోండి" అన్నాను. "నేను పెద్దాస్పత్రికే వెళతాను. రోజూ వెళతాను. ఒక్కదాన్నే వెళతాను."

"ఎలా వెళతావ్?" అన్నారు, నవ్వుతూనే.

నేను గోడకున్న నా పాత టేపు తీసి వరండా అంచుకి వెళ్ళాను. ఒంగి, పైమెట్టు నుంచి నేల దాకా వదిలాను. మెట్టు ఆరంగుళాలు, మొత్తం పద్దెనిమిది. ఎత్తు అంగుళానికి పొడుగు అడుగు ఉంటే చేతులతో ఎక్కొచ్చని కుర్చీ ఇచ్చిన రోజే చెప్పారు. పద్దెనిమిది అంగుళాలకి పద్దెనిమిది అడుగులు. గేటు దాకా స్థలం ఇరవై రెండడుగులుంటుందని కంటితోనే చెప్పగలను. పద్దెనిమిది అడుగులు అనగానే నా కటింగ్ బల్ల గుర్తొచ్చింది. పెద్దక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, నేను పని చేసిన ఆ పాత కటింగ్ బల్ల ఉందా?"

"గోడౌన్లో పడుంది. ఏం?"

"దాని కాళ్ళు కోయిస్తానన్నారుగా. మొత్తం తీసేయండి. పై చెక్క నాకు కావాలి."

అవతల ఆవిడ పెద్దగా నవ్వింది. "మొద్దుమొహమా, మూడేళ్ళు పట్టిందా అడగడానికి!" అంది.

ఆదివారం పొద్దున పెద్దక్క ఒక వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది. వ్యానులో బల్ల చెక్క మూడు ముక్కలుగా వచ్చింది. కార్ఖానాలో మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళు ఆరుగురు దిగారు, చీరచెంగులు నడుముకి దోపుకున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ మోశారు. వడ్రంగి కింద దిమ్మలు పెట్టి బిగించాడు, చక్రం జారిపోకుండా రెండు వైపులా పట్టీలు కొట్టాడు. ఒక్క మెట్టు పగల్లేదు, ఒక్క పూట కూడా పట్టలేదు. చెక్క మీద నా గీతలు అలాగే ఉన్నాయి. సుద్ద పోయింది కానీ గుడ్డ కోసే చక్రపు కత్తి గాట్లు పోలేదు. చంక వంపు, మెడ వంపు, ఎక్కడెక్కడ నొక్కి కోశానో అన్నీ గుర్తుపట్టాను. పన్నెండేళ్ళు నిలబడి పని చేసిన బల్ల అది.

మా ఆయన చెప్పులు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వీధిలో నలుగురూ చూస్తున్నారని ఆయన బాధ. "మరి నా బండి?" అన్నారు చివరికి.

"దీని మీదే ఎక్కించుకోండి. నేనేం అనను" అన్నాను. పెద్దక్క దగ్గు వచ్చినట్టు చెంగు అడ్డం పెట్టుకుంది.

అందరికన్నా ముందు ఆ చెక్క మీద దిగింది మా అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కూడా మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. అడుగులో అడుగు వేస్తూ మెల్లగా దిగి, గేటు దాకా వెళ్ళి, వీధిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "హాయిగా ఉందే అమ్మాయ్" అన్నారు. నాకు ఆవిడ మీద మొదటిసారి జాలేసింది.

తర్వాత నేను. బ్రేకు తీశాను. చక్రాల మీద అరచేతులు ఆనించి, వదులుతూ పట్టుకుంటూ, వదులుతూ పట్టుకుంటూ దిగాను. నా గాట్ల మీద నా చక్రాలు టకటకమన్నాయి. నేల తగిలింది. నన్ను ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ముట్టుకోలేదు. గేటు నేనే తీశాను.

మా ఆయన వరండా అంచుకి వచ్చి, అందరికీ వినబడేలా, కొంచెం బతిమాలుతున్నట్టుగా అన్నారు. "సరేలే, చేశావు. రేపు ఆపరేషన్ అయి నిజంగా కాళ్ళొచ్చేస్తే, మళ్ళీ వంటింట్లో నీ పని నువ్వు చేసుకుంటుంటే, అప్పుడీ చెక్క ఎందుకు చెప్పు?"

నేను గేటు బయట కుర్చీ వెనక్కి తిప్పి ఆయన వైపు చూశాను.

"కాళ్ళొస్తే నేను వంటింటి వైపే నడుస్తానని మీకెవరు చెప్పారండీ?"